మందు లేని వరస

ఆ నాలుగంతస్తుల భవనంలో ఐసక్క ఎక్కడని అడిగితే, గేటు దగ్గర వాచ్‌మన్ తల తిప్పకుండానే చెయ్యెత్తి మూడో అంతస్తు చూపిస్తాడు. చేతిలో ఐసు డబ్బా లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు. వైరస్ పరీక్షల ల్యాబులో ఇరవై ఆరేళ్ళుగా టెక్నీషియన్. వయసు యాభై మూడు. మోకాళ్ళు అరిగాయి గానీ నోరు మాత్రం అరగలేదు. కొత్తగా చేరినవాళ్ళెవరైనా ట్యూబును ఐసులోంచి తీసి బల్ల మీద పెట్టారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే! "అది మీ ఇంట్లో దగ్గుమందు సీసా కాదమ్మా, అటకెక్కించి మర్చిపోడానికి. అందులో ఉన్నది వేడి తగిలితే చస్తుంది," అని నలుగురిలో కడిగేసేది. వాళ్ళు వెనక తిట్టుకునేవాళ్ళు, పని మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకునేవాళ్ళు.

అసలు తను చేసే పనేమిటో ఇంట్లోవాళ్ళకు చెప్పడం ఆవిడకు చాలా ఏళ్ళు చేతకాలేదు. చివరికి తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పగలిగింది. తమ్ముడు ఎలక్ట్రీషియన్. ఇళ్ళకు వైరింగు చేస్తాడు, నిచ్చెన మీద నిలబడి కబుర్లు చెబుతాడు, డబ్బులు అడగడానికి మొహమాటపడతాడు.

"ఒరే, వైరస్ దగ్గర ఒక కత్తెర ఉంటుందిరా. దాన్నే మేం ఎంజైమ్ అంటాం. కణంలో పుట్టిన వైరస్ బయటపడాలంటే, దానికి అంటుకున్న జిగురును ఆ కత్తెరతో కోసుకోవాలి. మేమేం చేస్తామంటే, కోస్తే నీలంగా వెలిగే పదార్థం ఒకటి దాని ముందు పెడతాం. కత్తెర బాగా ఆడితే బాగా వెలుగుతుంది. మందు వేశాక వెలుగు ఆరిపోయిందనుకో, మందు ఆ కత్తెరను కట్టేసిందన్నమాట. ఎంత వెలిగిందో మిషన్ అంకెల్లో చెబుతుంది."

తమ్ముడు అంతా విని, "అయితే నేను లైట్లు వెలిగించి బతుకుతున్నాను, నువ్వు ఆర్పి బతుకుతున్నావు," అన్నాడు. అప్పటి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట అదే. "ఇవాళ ఎన్ని ఆర్పావక్కా?"

తొమ్మిదేళ్ళ క్రితం అతని కిడ్నీలు రెండూ చెడిపోయాయి. ఐసక్క తనదొకటి ఇచ్చింది. ఇవ్వాలా వద్దా అని ఆవిడ ఒక్క పూట కూడా ఆలోచించలేదు. ఆలోచించమని సలహా చెప్పిన బంధువులకు ఆ తర్వాత ఏడాదిపాటు టీ కూడా ఇవ్వలేదు. ఆపరేషన్ అయ్యాక తమ్ముడు మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. అయితే, పెట్టిన కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా రోజూ మాత్రలు వేసుకోవాలి. ఒంట్లో కాపలా కాసేవాళ్ళను నిద్రపుచ్చడమే ఆ మాత్రల పని. కాపలా నిద్రపోతే ఎవరైనా లోపలికి రావచ్చు.

వచ్చింది. అందరికీ వచ్చి నాలుగు రోజుల్లో పోయే ఫ్లూ జ్వరమే. తమ్ముడి ఒంట్లో ఇరవై మూడు రోజులైనా తిష్ట వేసుకుని కూర్చుంది. మొదట్లో ఇచ్చిన మందుకు తగ్గినట్టే తగ్గి, మళ్ళీ లేచింది. ఊపిరితిత్తులకు నిమ్ము పట్టింది. ఆసుపత్రిలో డాక్టరు మరదలినీ ఐసక్కనూ పక్కకు పిలిచి, ఏదీ దాచకుండా చెప్పేశాడు.

"వైరస్ మారిపోయినట్టుంది, పాత మందుకు లొంగడం లేదు. ఇంకో ఇంజెక్షన్ ఉంది. కానీ అది కిడ్నీని దెబ్బతీస్తుంది. ఆయనకున్నది ఒక్కటే. వైరస్ మీద అది పనిచేస్తుందని తేలితే, కిడ్నీ పోయినా మనిషి దక్కుతాడు, ధైర్యంగా ఇస్తాను. పనిచేయకపోతే మాత్రం కిడ్నీ పోయిన దెబ్బకు రెండు రోజులు కూడా ఆగడు. ఇవ్వకుండా ఊరుకుంటే, తనంతట తాను తేరుకుంటాడేమోనని చూడాలి. ఆ ఆశ తక్కువే. నమూనా వైరస్ ల్యాబుకు పంపాం. గురువారం సాయంత్రం నాలుగింటికి రిపోర్టు చూసి నిర్ణయిస్తాను."

ఆ ల్యాబు తనదేనని ఐసక్క నోరు విప్పలేదు. మరదలు ఏదో అనబోతే చెయ్యి నొక్కి ఆపింది. ఎందుకంటే ల్యాబు తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది: రక్తసంబంధీకుల నమూనాలు ఎవరూ ముట్టుకోరాదు. అది ఐసక్క చేతిరాతే! పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది కూడా ఆవిడే. కావలసినవాళ్ళ నమూనా అయితే కన్ను ఉన్నది చూడదు, కోరుకున్నది చూస్తుందని అప్పట్లో ఆవిడ అందరికీ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. ఇప్పుడేమో, ఆ పరీక్ష చేయడం వచ్చిన రెండో మనిషి పురుటి సెలవులో ఉంది. నిజం చెబితే నమూనా వేరే ఊరి ల్యాబుకు పోతుంది, రిపోర్టు పది రోజులకు వస్తుంది. పది రోజులు తమ్ముడి దగ్గర లేవు. నమూనా మీద పేరుండదు, నంబరే ఉంటుంది. తమ్ముడి చార్టు మీదున్న ఆ నంబరును ఐసక్క గుర్తుపట్టి, చూడనట్టు పుస్తకంలో ఎక్కించింది.

గొంతులోంచి తీసిన ఆ కాస్త తడిలోంచి వైరస్‌ను కణాల్లో పెంచితే, ఆరు రోజులకు రెండు చిన్న ట్యూబులు తయారయ్యాయి. ఒక్కో ట్యూబులో అర చెంచా కూడా లేదు. ఒక ట్యూబు ఒక పరీక్షకు సరిపోతుంది. రెండోది, ఏదైనా తేడా వస్తే పనికొస్తుందని డీప్ ఫ్రీజరులో ఉంచింది.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు మొదటి ట్యూబు తీసింది. ఐసులో పెట్టి కరిగించింది. అదే సమయానికి గోడ మీదున్న ఫోన్ మోగింది. లోపలికి సెల్‌ఫోన్లు తేకూడదు గనక, బయటివాళ్ళు ఆఫీసుకు చేస్తే గుమాస్తా ఆ గోడ ఫోనుకు కలుపుతాడు. స్పీకరులోంచి మరదలి గొంతు వచ్చింది.

"వదినా, ఆక్సిజన్ ఇంకా పెంచారు. మాట్లాడితే ఆయాసపడుతున్నాడు. వదినా, వింటున్నావా?"

"వింటున్నానమ్మా. నువ్వు ఏడవకు. నువ్వు ఏడిస్తే వాడు బెదిరిపోతాడు. ఈ పూటకు తేలిపోతుంది."

వింటూనే ఉంది, చేతులు పని చేస్తూనే ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళ చేతులవి. వాటికి ఆవిడ చెప్పాల్సిన పని ఎప్పుడూ రాలేదు. ఫోన్ పెట్టేశాక ఆ ఇంజెక్షన్ మందును పలచన చేస్తూ, ఒకదానికంటే ఒకటి తక్కువ మోతాదులో పది సీసాలు తయారుచేసింది. ఈలోగా బల్ల చివర ఏదో కీచుమంటే వెళ్ళి ట్యూబు తీసి ఐసులో పెట్టింది. ఆ కీచు ఆ గదిలో రోజుకు పదిసార్లు వినబడేదే.

పరీక్ష జరిగేది అరచేయంత ప్లాస్టిక్ ప్లేటులో. దాంట్లో పన్నెండు వరసలు, వరసకు ఎనిమిది గుంటలు. మొదటి వరసలో వైరస్ ఉండదు, అది చీకటిగా ఉండాలి. రెండో వరసలో వైరస్ ఉంటుంది, మందు ఉండదు, అది వెలగాలి. మూడో వరస నుంచి మందు. మూడోదాంట్లో బాగా గట్టిది, పన్నెండో దానికి వచ్చేసరికి నామమాత్రం. ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకు నేర్పేటప్పుడు ఐసక్క ఎప్పుడూ ఒక్కటే చెప్పేది. "ముందు ఎడమ చేతి వైపు రెండు వరసలు చూడండి. మందు లేని వరస వెలగకపోతే మిగతాది చూడకండి, చెత్తబుట్టలో పడేయండి. సున్నా కనబడింది కదా అని ఎగిరి గంతేస్తే నా చేతిలో అయిపోతారు."

పన్నెండు గంటలకు మిషన్ ప్లేటును చదివింది. తెర మీద అంకెలు వచ్చాయి. ఆవిడ కళ్ళు ఎడమ వైపుకు పోలేదు. సూటిగా మందు వరసల మీదికే పోయాయి. సున్నా. సున్నా. ఒకటి. సున్నా. చివరి వరస దాకా సున్నాలే! మందు నామమాత్రంగా ఉన్నచోట కూడా వెలుగు లేదంటే, అంత మంచి మందు లోకంలో ఉండదని ఇరవై ఆరేళ్ళ అనుభవం చెప్పాలి. చెప్పలేదు. గ్లౌజులు లాగేసి, మోకాళ్ళ సంగతి మర్చిపోయి మెట్ల దగ్గరికి పరుగెత్తి, లాకరులోంచి సెల్‌ఫోన్ తీసింది.

"అమ్మాయ్, పనిచేస్తుందే! మందు పనిచేస్తుంది! మొత్తం ఆరిపోయాయి. వాడికి చెప్పు, అన్నీ ఆర్పేశానని చెప్పు!"

అవతల మరదలు ఏడ్చింది. ఐసక్క కూడా మెట్ల మీద కూర్చుని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, రిపోర్టు రాయడానికి లోపలికి వచ్చింది. రిపోర్టు ఫారంలో మొదటి గడి మందు లేని వరసది. ఆ అంకె వెయ్యడానికి తెర వైపు చూసింది.

సున్నా.

ఆవిడకు ముందు అర్థం కాలేదు. వేరే వరస చూశాననుకుని వేలు పెట్టి లెక్కపెట్టింది. ఒకటి, రెండు. రెండో వరస. వైరస్ ఉంది, మందు లేదు. ఎనిమిది గుంటల్లోనూ సున్నా. మందు ఏమీ ఆర్పలేదు. వెలగడానికి అసలు అక్కడ ఏమీ లేదు. కత్తెర ముందే చచ్చిపోయింది.

బల్ల చివరికి వెళ్ళింది. అక్కడ హీట్ బ్లాక్ ఉంటుంది. గుంటలున్న ఇనుప దిమ్మ అది. జన్యు పరీక్షలకు పంపే ట్యూబులను యాభై ఆరు డిగ్రీల దగ్గర అరగంట ఉంచి వైరస్‌ను చంపుతారు, ముట్టుకునేవాళ్ళకు ప్రమాదం లేకుండా. ఆ మహమ్మారి ఏళ్ళలో ఐసక్క రోజుకు నాలుగైదు వందల ట్యూబులు అందులో పెట్టింది. ట్యూబు చేతికొస్తే చెయ్యి అటే పోతుంది. దిమ్మ మీద చెయ్యి వేసి చూసింది. ఇంకా వెచ్చగా ఉంది. కీచుమన్నది అదే! మరదలి మాటలు వింటూ, తమ్ముడి వైరస్‌ను తన చేత్తోనే ఉడకబెట్టింది. ఐసక్క!

మళ్ళీ మెట్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ చేసింది. "అమ్మాయ్, వాడికి చెప్పావా?"

"చెప్పేశా వదినా. నవ్వాడు. వారం రోజుల తర్వాత నవ్వాడు వదినా. మాస్కు తీయించుకుని మరీ, మా అక్క లైట్లు ఆర్పడంలో ఫస్టు అన్నాడు. నర్సుకు కూడా చెప్పాడు. వదినా? ఏమైంది?"

"ఏం లేదమ్మా. మళ్ళీ చేస్తాను."

చెప్పలేకపోయింది. ఫోన్ పెట్టేసి లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది.

ఆ పది నిమిషాలు ఐసక్క ఏమనుకుందో మనం దాచిపెట్టడం దేనికి? అబద్ధం చెబుదామనుకుంది. రిపోర్టు మీద రెండు సంతకాలు కావాలి. ఒకటి ఆవిడది. రెండోది పై అధికారిది. ఆయనను అందరూ సంతకం సార్ అంటారు, ఐసక్క పెట్టిన కాగితాల మీద చదవకుండా సంతకం పెడతాడని. రెండో వరసలో ఏదో ఒక అంకె వేస్తే చాలు. నాలుగింటికి ఇంజెక్షన్ మొదలవుతుంది. పనిచేస్తుందేమో, ఎవరు చూశారు! తమ్ముడు నవ్వాడు కూడా. పెన్ను తీసి ఆ గడి దగ్గర పెట్టింది. అప్పుడు చొక్కా ఎత్తి చూపించి "ఇది మా అక్కది" అని అందరికీ చెప్పుకునే తమ్ముడి పొట్ట మీది కోత గుర్తొచ్చింది. పనిచేయని మందైతే, తానిచ్చిన కిడ్నీని తన చేత్తోనే చంపినట్టవుతుంది, దానితోపాటు వాణ్ణి. డాక్టరు మోసపోతాడు, సంతకం సార్ మోసపోతాడు, వైరస్ ఎందుకు మోసపోతుంది? పెన్ను మూత పెట్టేసింది.

సంతకం సార్ గదిలో నిలబడి అంతా చెప్పింది. నమూనా ఎవరిదో కూడా. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వా? తలుపు మీద కాగితం అంటించింది నువ్వే కదమ్మా!"

"నేనే సార్. మెమో ఇవ్వండి, ఇంటికి పంపండి, ఏమైనా చేయండి. ఇంకో ట్యూబు ఉంది. టైము రెండు గంటలు పడుతుంది. నాలుగింటిలోపు అవుతుంది. నన్ను చేయనివ్వండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కుదరదు. చేతులు వణికిపోతున్నాయి, చూసుకో. రెండోది కూడా పోతే?"

"మరి ఎవరు చేస్తారు సార్? ఆ అమ్మాయి సెలవులో ఉంది."

ఆయన కుర్చీలోంచి లేచాడు. తర్వాత చొక్కా చేతులు మడిచాడు. "ముప్పై ఏళ్ళ క్రితం డాక్టరేటు దీంట్లోనే చేశాను. నువ్వు ల్యాబు గోడకున్న అద్దం బయట నిలబడి చెప్పు. లోపలికి మాత్రం రాకు."

పన్నెండేళ్ళుగా పెన్ను తప్ప ఏమీ పట్టని మనిషి చుక్కలు కొలిచి వేసే పిప్పెట్ పట్టుకున్నాడు. ఐసక్క అద్దం బయట మైకు దగ్గర నిలబడింది. లోపల ఆయన గౌను వెనక ముడి ఊడి వేలాడుతోంది. మామూలు రోజైతే ఆవిడ ఆ ముడి మీదే అరగంట జోకులు వేసేది.

"ఐసులో సార్. ఐసులోనే ఉంచండి. బొటనవేలు మెల్లగా వదలండి, బుడగ వస్తే కొలత తప్పుతుంది. అయ్యో, ఆ సీసా కాదు సార్, దాని పక్కది!"

"నువ్వలా అరిస్తే నేను చేయలేనమ్మా."

"అరవను సార్. అరవను. ఇప్పుడు రెండో వరసలో వైరస్ వేయండి. సగం సగం కాదు, పూర్తిగా."

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. తుడుచుకోడానికి వీల్లేదు. ఒక్కో గుంటకూ ఊపిరి బిగబట్టి వేశాడు. తొంభై ఆరు గుంటలు పూర్తయ్యేసరికి రెండుంబావయింది. ప్లేటును గోరువెచ్చని పెట్టెలో గంట ఉంచాలి. ఆ గంటలో ఇద్దరూ అద్దానికి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. మధ్యలో మరదలు రెండుసార్లు ఫోన్ చేసింది. ఐసక్క ఎత్తలేదు.

మూడుంబావుకు ఆయన ప్లేటు తీశాడు. మిషన్‌లో పెట్టబోతుంటే ఐసక్క మైకులో అంది, "ముందు ఊదా దీపం మీద పెట్టండి సార్. కళ్ళతో చూస్తాను." అంకెల కంటే ముందు ఆ వెలుగును ఊదా దీపం కింద మనిషి కన్ను కూడా చూడగలదు.

ఆయన గదిలో లైటు ఆర్పి, ప్లేటును దీపం మీద పెట్టి అద్దం వైపు తిప్పాడు. మొదటి వరస చీకటి. రెండో వరస నీలంగా వెలిగింది. "బతికే ఉంది!" అని ఐసక్క అరిచింది. ఎంజైమ్ బతికుందని తెలియగానే ప్రాణం లేచొచ్చినట్టయింది ఆవిడకు. ఆ ఆనందం మూడో వరస మీదికి కళ్ళు జరిగేదాకానే.

మూడో వరస వెలుగుతోంది. మందు బాగా గట్టిగా ఉన్న వరస అది. నాలుగోదీ వెలుగుతోంది. ఐదోదీ. అద్దానికి ముక్కు ఆనించి చూసింది. పన్నెండో వరస దాకా ఎక్కడా రవ్వంత కూడా తగ్గలేదు. ఆరిపో, ఒక్కటైనా ఆరిపో అని పెదాలతో అంటూనే ఉంది. సంతకం సార్ ప్లేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఆవిడ వైపు చూడలేక.

రిపోర్టు ఆయనే రాశాడు. ఈసారి ప్రతి అంకె చదివి సంతకం పెట్టాడు. పుస్తకంలో మొదటి ప్లేటు దగ్గర మాత్రం ఐసక్క తన చేత్తోనే రాసింది: మందు లేని వరస వెలగలేదు, చెల్లదు, ట్యూబును వేడి దిమ్మలో పెట్టింది నేను. నాలుగింటికి పది నిమిషాలుండగా డాక్టరుకు ఫోన్ వెళ్ళింది. ఇంజెక్షన్ ఇవ్వలేదు.

ఆసుపత్రికి చేరేసరికి ఐదున్నర. వార్డు బయట మరదలు ఎదురొచ్చింది. ఆమెకు డాక్టరు చెప్పేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పనిచేస్తుందన్నావు కదా వదినా?"

"అన్నానమ్మా. చూడాల్సింది చూడకుండా అన్నాను."

"నేను ఆయనకు చెప్పలేను. నువ్వే చెప్పు."

తమ్ముడు మంచం తల వైపు ఎత్తి పెట్టించుకుని, తలుపు వైపే చూస్తున్నాడు. మంచం పక్కన కొక్కేనికి వేలాడుతున్న సంచీలోకి గొట్టం వెంట మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతోంది. అక్క ముఖం చూడగానే అతనికి సగం తెలిసిపోయింది. మాస్కు కొంచెం పక్కకు జరుపుకున్నాడు.

"ఆరలేదా అక్కా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఆరలేదురా. పొద్దున నాదే తప్పు. మళ్ళీ చేయించాను. అన్నీ వెలిగాయి."

"అన్నీనా?"

"అన్నీ."

అతను రెండు మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు. "గట్టి వైరింగే," అన్నాడు. అక్క మంచం పట్టె మీద తల ఆనించి బావురుమంది. అతని చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆవిడ జుట్టు మీద పడింది. ఆ చెయ్యి కాలిపోతోంది.

"ఊరుకో అక్కా. నర్సు చూస్తోంది. మా అక్క ఫస్టు అని చెప్పుకున్న నా పరువు పోతుంది."

ఆ తర్వాత అతను ఎనిమిది రోజులు ఉన్నాడు. మాత్రలు తగ్గించి చూశారు, ఒంట్లో కాపలా నిద్ర లేవలేదు. ఐసక్క రోజూ పొద్దున ల్యాబుకు వెళ్ళేది, సాయంత్రం ఆ మంచం పక్కకు వచ్చేది. ల్యాబులో ఎవరూ ఆవిడతో ఏమీ అనలేదు, ఆవిడా ఎవర్నీ ఏమీ అనలేదు. పిల్లలకు ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయం వేసింది. తొమ్మిదో రోజు పొద్దున ఏడింటికి తమ్ముడు పోయాడు.

మరదలు బయట గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. లోపల కొత్తగా డ్యూటీకి వచ్చిన నర్సు గొట్టాలు ఒక్కొక్కటే తీస్తోంది. సంచీ విప్పి, కొలత చూసి, చార్టులో ఆఖరి అంకె వేసింది. పక్కన నిలబడి ఉన్న మనిషికి ఏదో ఒక మంచి మాట చెప్పాలనిపించినట్టుంది పాపం.

"కిడ్నీ మాత్రం చివరిదాకా బాగా పనిచేసిందండీ," అంది.

"అవునమ్మా," అంది ఐసక్క. "రాసుకో."